సంపా కోవిల పేరు

దగ్గరికి జరగండి పిల్లలూ, మంట బాగా రాజుకుంది.

మన పుదుచ్చేరి కదిర్కామంలో ఎవర్నడిగినా మిషన్ వీధి పెద్ద చర్చిని సంపా కోవిల అనే అంటారు. కాగితాల్లో అది అమలోద్భవ మాత చర్చి. మరి ఈ సంపా ఎవరంటారా? సెయింట్ పాలే, నాయనా. మన నోళ్లలో నానీ నానీ అలా అయిపోయాడు.

గోవాలో జెస్యూట్ సాముల కాలేజీ సెయింట్ పాల్ పేరున ఉండేది. అందుకని వాళ్లెక్కడికెళ్లినా పాల్ సాములే. 1689లో ఇక్కడికొచ్చి, 1692లో చర్చి కట్టారు. ఏడాది తిరగకుండా డచ్చివాళ్లు పడగొట్టారు. మళ్లీ కట్టారు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని నేలమట్టం చేసినప్పుడు అదీ పోయింది. ఇప్పుడున్నది 1791లో పూర్తయింది. అన్నిసార్లు గోడలు కూలినా జనం ఆ పేరు వదల్లేదు. ఫ్రెంచివాళ్ల దగ్గర దుబాషీగా ఉన్న ఆనందరంగ పిళ్లై రాసుకున్న డైరీలోనూ ఆ సాములు సెయింట్ పాల్ కోవిల వాళ్లే.

పౌలుస్ అంటే లాటిన్‌లో చిన్నవాడు. క్రీస్తుకు ముందే రోములో పెద్ద సేనాపతులు పెట్టుకున్న పేరది. అందుకే ఇక్కడి కతోలిక్కులకు సెయింట్ పాల్ అంటే చిన్నప్పర్, పేతురేమో రాయప్పర్. మన పుదుచ్చేరి నుంచే సాములు సన్యాసుల బట్టలు కట్టుకుని పుంగనూరు దారిన తెలుగు సీమకు నడిచారు. అక్కడి ఇళ్లలోనూ చిన్నప్పలు, రాయప్పలు ఉన్నారు.

పాల్ రిషార్ అని ఒక ఫ్రెంచి ఆయన కూడా ఈ ఊరొచ్చాడు, 1910లో. 1914లో అరవిందులతో, మిర్రాతో కలిసి 'ఆర్య' పత్రిక మొదలెట్టాడు. మిర్రా అంటే ఆశ్రమం మదర్, అప్పట్లో ఆయన భార్య.

ఈ పేరున్నవాళ్లలో నాకు మాత్రం అనంతపురం చిన్నపరెడ్డి గారంటేనే ఎక్కువ గౌరవం. సుప్రీంకోర్టు జడ్జిగా చేశారు. మతవిశ్వాసం వల్ల జనగణమన పాడలేదని కేరళలో ముగ్గురు పిల్లల్ని బడిలోంచి పంపేస్తే, 1986లో వాళ్లను మళ్లీ చేర్చుకోమని తీర్పిచ్చారు. ఆ పిల్లలు పాటకు మర్యాదగా లేచి నిలబడ్డారు కదా, అది చాలన్నారు. ఎంత పెద్ద మనసు!

మీ ఇళ్లలో కూడా ఇలాంటి పాత పేర్లుంటాయి. అవ్వాతాతలు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.