రంగం నుండి దుబాయి దాకా
(తెలుగు వలసల ఆర్థిక చరిత్రలో కొన్ని పాఠాలు)

తెలుగువాడు పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటడం నేటి మాట కాదు. ఉత్తర కోస్తా జిల్లాలలో పెద్దవాళ్ళు “రంగం వెళ్ళాడు” అంటే రంగూను పట్టణానికి కూలికి వెళ్ళాడని అర్థం. తెలంగాణా పల్లెల్లో “బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి” అనే నానుడి ఉంది. సేద్యం కలిసిరాని రైతు బిడ్డకు మిగిలిన దారులు ఈ మూడేనని ఆ మాటకు భావం. ఈ రెండు మాటల నడుమ దాదాపు నూట ఏభై ఏళ్ళ చరిత్ర ఇమిడి ఉంది.

ఆ చరిత్రలో ఆలోచింపదగిన విషయం ఒకటి ఉంది. ఇంచుమించు ఒకే ప్రాంతం నుండి, ఒకే రకమైన బీదరికం నుండి బయలుదేరిన మనవారిలో కొందరు బర్మాకు, కొందరు మలయాకు చేరారు. ఇద్దరూ రెక్కలనే నమ్ముకున్నారు. అయినా రెండు తరాలు గడిచేసరికి ఇద్దరి స్థితిగతులు పూర్తిగా వేరయ్యాయి. ఎందుకిలా జరిగింది? ఈ ఎడారి దేశంలో స్థిరపడి, ఇక్కడే పిల్లలను పెంచుకుంటున్న మనకు ఈ ప్రశ్న దూరపు ముచ్చట కాదు.

రంగం దారి

1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్న తర్వాత ఐరోపాకు బియ్యం ఎగుమతి పెరిగింది. ఐరావతీ నదీముఖంలోని చిత్తడి అడవులు కొట్టి వరి పొలాలు చేశారు. కోతలకు, బియ్యం మిల్లులకు, రేవులలో బస్తాలు మోయడానికి మనుషులు కావలసివచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కూలీలు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో స్టీమర్లెక్కి వేలాదిగా తరలివెళ్ళారు. గోదావరి సాగరసంగమం దగ్గరి కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువారందరికీ నిలిచిపోయి, వారు “కోరంగీలు” అయ్యారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను జనాభా సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువారు లక్షన్నరకు పైబడి ఉన్నారు.

వీరిని తీసుకుపోయినవాడు మేస్త్రీ. ఊళ్ళో బయానా ఇచ్చి, ఓడ కిరాయి కట్టి, ఆ మొత్తం కూలిలో పట్టుకునేవాడు. కంపెనీ గుత్తేదారుకు ఇచ్చిన డబ్బు పెద్ద మేస్త్రీ చేతికి, అతని నుండి చిన్న మేస్త్రీ చేతికి దిగి, చివరకు కూలివాడి చేతికి వచ్చేసరికి కరిగిపోయేది. కూలివాడికి బాకీ తీరకముందే మళ్ళీ బాకీ పడేది. చాలామంది భార్యాబిడ్డలను ఊళ్ళోనే విడిచి వచ్చినవారు. ఇరుకు గదుల్లో పదిమంది కలిసి తలదాచుకొని, రెండు మూడేళ్ళకు ఒకసారి నాలుగు రూపాయలు మూటగట్టుకొని ఇల్లు చేరేవారు. బర్మాలో వారికి ఇల్లు లేదు, నేల లేదు. సంపాదన అంతా ఊరికే పోయేది.

బలహీనమైన ఈ పునాది మొదటి గాలికే కదిలింది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వారి స్థానంలో ఓడల కంపెనీలు బర్మీయులను పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై పాతవారు తిరిగి పనిలోకి రాగా, కొత్తవారికి పని పోయింది. ఆ కక్ష మే 26న అల్లర్లుగా పేలి, వందమందికి పైగా చనిపోయారు. వారిలో అధిక భాగం మన కూలీలే. పేదవాడికీ పేదవాడికీ మధ్య రగిలిన ఆ మంట 1938లో మళ్ళీ లేచింది. 1937లో బర్మా భారతదేశం నుండి వేరుపడింది.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. ఓడ దొరికినవారు ఓడలో వచ్చారు. దొరకనివారు కొండలు, అడవులు దాటి కాలినడకను బయలుదేరారు. నాలుగైదు లక్షలమంది భారతీయులు అలా దేశం విడిచారు. దారిలో ఆకలికి, కలరాకు, మలేరియాకు బలియైనవారు వేలమంది. యుద్ధానంతరం కొందరు తిరిగి వెళ్ళి చిన్న వ్యాపారాలు నిలబెట్టుకున్నారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేసింది. ఆ తర్వాతి సంవత్సరాలలో సుమారు మూడు లక్షలమంది భారతీయులు స్వదేశానికి వచ్చారు. జీవితకాలం కష్టించినవారు కూడా కొద్దిపాటి డబ్బు, కొద్దిపాటి నగలు తప్ప తెచ్చుకోలేకపోయారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు అనే పేరు ఆ కథకు నేటికీ సాక్ష్యం.

మలయా దారి

మలయాకు వెళ్ళినవారు తమిళులతో పోలిస్తే చిన్న సమూహం. దిగువ పేరాక్‌లోని బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలు, కెడా, జొహోర్ ప్రాంతాల రబ్బరు ఎస్టేట్లు వారి నెలవులు. అక్కడి మధ్యవర్తి పేరు కంగాణీ. ఇతడు తన ఊరివాళ్ళను, బంధువులను పోగుచేసి తెచ్చేవాడు. పనిలోకి దిగిన ప్రతి మనిషికీ రోజుకింత అని ఎస్టేటు నుండి పుచ్చుకునేవాడు. దయగలవాడని చెప్పలేము గాని, ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా వచ్చింది. 1907లో మలయా ప్రభుత్వం వలస నిధి ఏర్పాటు చేసి, తోటల యజమానులపై పన్ను వేసి, కూలీల ప్రయాణ ఖర్చు దాని నుండి కట్టించసాగింది. 1910లో ఒప్పంద కూలీ పద్ధతిని ఎత్తివేశారు. రంగం కూలీ ఓడ దిగేనాటికే బాకీదారు. మలయా కూలీ నెత్తిన కనీసం ఓడ కిరాయి బాకీ లేదు.

రెండవ తేడా సంసారం. రబ్బరు పాలు తీయడానికి ఆడవారి చేతులు కూడా కావాలి గనుక ఎస్టేట్లు కుటుంబాలను రప్పించాయి. లైన్లు అనబడే కూలి ఇళ్ళ వరుసలలో పిల్లలు పుట్టారు. చదువుకునే ఈడు పిల్లలున్న ఎస్టేటు బడి నడపవలెనని 1923 కార్మిక చట్టం విధించింది. ఆ బడులు చాలీచాలనివి, ప్రాథమిక స్థాయి దాటనివి. పైగా ఎక్కువ తోటలలో చదువు తమిళంలోనే సాగింది. ఆ విధంగా మన భాష రెండు తరాలలోనే పలచబడింది. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడి, నేడు మలేషియా తెలుగు సంఘంగా కొనసాగుతూ తెలుగు నేర్పుతున్నదంటే, ఆ లోటును పూడ్చుకునే తపనే అందుకు కారణం. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులో జరగడం ఆ తపనకు దక్కిన గౌరవం.

మలయావారి దారి పూలబాట అనుకోరాదు. 1930 తర్వాతి ఆర్థిక మాంద్యంలో కూలిరేట్లు కోసి, వేలాదిమందిని తిప్పి పంపారు. జపాను ఆక్రమణకాలంలో సయాం–బర్మా రైలుమార్గం పనికి తోటల నుండి పట్టుకుపోయినవారిలో ఎందరో తిరిగి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన 1957 తర్వాత పెద్ద తోటలను ముక్కలు చేసి అమ్మసాగినపుడు కూలీలకు పని, గూడు రెండూ పోయే స్థితి వచ్చింది. 1960లో వి.టి. సంబంధన్ గారి నాయకత్వాన జాతీయ భూమి సహకార సంఘం పుట్టింది. కూలీలు నెలనెలా కట్టిన చిన్న మొత్తాలతో ఎస్టేట్లు కొని నిలబడ్డారు. 1969లో పరదేశులకు పని పర్మిట్లు తప్పనిసరి చేసినపుడు, పౌరసత్వ పత్రాలు సకాలంలో తీసుకోనివారు వేలమంది ఉద్యోగాలు కోల్పోయి ఓడెక్కారు. పత్రం తీసుకున్నవారు నిలిచారు. ఒకే లైనులో ఇరుగుపొరుగు ఇళ్ళవారి భవిష్యత్తును ఒక కాగితం విడదీసింది.

రెండింటినీ తూచి చూస్తే

బర్మా తెలుగువాడు భాషను, ఊరితో బంధాన్ని గట్టిగా నిలుపుకున్నాడు. కాని చేతిలోని సంపాదన నిలుపుకోలేకపోయాడు. మలయా తెలుగువాడు భాషలో నష్టపోయాడు, ఎస్టేటు గిరి దాటి పట్నం చేరడానికి చాలా కాలం పట్టింది. కాని అతని మనుమడికి ఒక దేశం, ఒక ఓటు, ఒక ఇల్లు దక్కాయి. దీనికి కారణం ఒకరి తెలివి, ఇంకొకరి తెలివితక్కువతనం ఎంతమాత్రం కావు. ప్రయాణ ఖర్చు ఎవరు భరించారు, కుటుంబం వెంట వచ్చిందా, ఆ దేశపు చట్టం వారిని వేళ్ళూననిచ్చిందా అనే విషయాలే వారి తలరాత రాశాయి. దినకూలి ఎంత అన్న లెక్క వీటి తర్వాతనే వస్తుంది.

ఇతర జాతుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1975–79 నాటి మారణకాండను తప్పించుకొని అమెరికా చేరిన కంబోడియా రైతులు కట్టుబట్టలతో వెళ్ళారు. చదువు తక్కువ, ఇంగ్లీషు రాదు. బీదరికం వారిని చాలాకాలం వెంటాడింది. అయినా శరణార్థులుగా వెళ్ళినందున స్థిరనివాసం, పౌరసత్వం దొరికే వీలుండి, కాలిఫోర్నియాలో డోనట్ దుకాణాలు వరుసగా పెట్టుకోగలిగారు. మన పక్కనే పనిచేసే బంగ్లాదేశ్ సోదరుడు యుద్ధం నుండి పారిపోయి రాలేదు, తన ఇష్టం మీదనే వచ్చాడు. కాని పొలం తాకట్టు పెట్టి వీసా కొన్నాడు. ఆ అప్పు తీరేవరకు ఎంత తక్కువ జీతానికైనా తల వంచక తప్పదు. మనవారిలో అనేకుల పరిస్థితి కూడా అచ్చం అదే.

దుబాయి దారి

అబుదాబి 1962లో, దుబాయి 1969లో చమురు ఎగుమతి మొదలుపెట్టాయి. 1971 డిసెంబరు 2న ఎమిరేట్ల సమాఖ్య ఏర్పడింది. 1973లో చమురు ధరలు పెరిగాక రోడ్లు, రేవులు, భవనాలు కట్టేందుకు లక్షలాది కార్మికులు అవసరమయ్యారు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి బావులెండిన రైతులు, మగ్గాలు ఆగిన నేతకారులు వచ్చారు. ఇక్కడ భర్త ఇటుకలు మోస్తుంటే, అక్కడ భార్య బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. గోదావరి జిల్లాల నుండి, కడప ప్రాంతం నుండి ఇంటిపనికి వచ్చిన అక్కచెల్లెళ్ళ సంగతి కూడా మరువరాదు. వారిలో ఎక్కువమంది కువైటు చేరారు. నేడు ఈ దేశంలో భారతీయులు 35 లక్షలకు పైబడి ఉన్నారు.

మన కథ బర్మా కథకు దగ్గరా, మలయా కథకు దగ్గరా? నిజం చెప్పాలంటే రెండూ ఇక్కడే ఉన్నాయి. డాక్టర్లు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు, వ్యాపారులు సంసారాలతో ఉన్నారు. వారి పిల్లలు ఇక్కడి బడులలో చదివి రెండవ తరం ఉద్యోగస్థులయ్యారు. లేబర్ క్యాంపులో ఒకే గదిలో పలువురితో కలిసి ఉండేవాడు మాత్రం రంగం కూలీకి వారసుడే. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 2019 నుండి 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాములతో పాటు కంపెనీ వసతి ఉండాలి. క్యాంపు కార్మికులలో చాలామందికి ఆ మెట్టు అందదు. ఇద్దరికీ సమానమైన సంగతి ఒకటుంది. నివాసం వీసాతో ముడిపడి ఉంది. ఏదో ఒకనాడు తిరిగి వెళ్ళవలసినవారమే అనుకొని లెక్కలు వేసుకోవాలి. 2019లో వచ్చిన గోల్డెన్ వీసా కొందరికి ఊరట గాని, అందరికీ కాదు.

నేటి మేస్త్రీ పేరు ఏజెంటు. భారతదేశపు నిబంధనల ప్రకారం లైసెన్సుగల ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోరాదు. నియామకపు ఖర్చు కార్మికునిపై వేయరాదని ఈ దేశపు 2021 కార్మిక చట్టం కూడా చెబుతున్నది. అయినా ఊళ్ళో నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి లక్షలు తెచ్చి వీసా కొనేవారు నేటికీ ఉన్నారు. “ఆజాద్ వీసా” మాట నమ్మి వచ్చి, చెప్పిన పని దొరకక, చివరకు “ఖల్లివల్లి” అయినవారి బాధ మనకు తెలుసు. 1996, 2007, 2018, 2024 సంవత్సరాలలో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినపుడు కాగితాలు లేని మనవారు ఎందరో వరుసలలో నిలబడ్డారు.

రంగం కూలీకి లేని రక్షణలు నేటి కార్మికునికి కొన్ని ఉన్నాయి. 2005 నుండి వేసవి మధ్యాహ్నం ఎండలో పని నిషేధం. 2009 నుండి జీతం బ్యాంకు ద్వారా చెల్లించే పద్ధతి. ఏడాది సర్వీసు పూర్తయిన కార్మికునికి, మొదటి అయిదేళ్ళకు ఏటా 21 రోజుల మూలవేతనం చొప్పున, ఆపైన 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ. ఈ హక్కులు అరబ్బీ, ఇంగ్లీషు కాగితాల్లో ఉన్నాయి. తెలుగు తప్ప మరో భాష చదవలేనివానికి అవి ఉన్నా లేనట్టే.

మనం చేయదగినది

ఇక్కడే సంఘం అవసరం కనబడుతుంది. మలయాలో కూలివాళ్ళే నెలకింత పోగుచేసి తోటలు కొన్నారు. మనం తోటలు కొనలేము. అయితే పండుగకు పెట్టే ఖర్చులో కొంత తీసి, ఉద్యోగ ఒప్పందం తెలుగులో చదివి వినిపించే మనిషిని ప్రతి శుక్రవారం ఒక క్యాంపుకు పంపగలము. ఊళ్ళో వీసా అమ్మజూపినవాడికి లైసెన్సు ఉన్నదా లేదా అని విచారించి చెప్పగలము. పంపిన డబ్బు పెళ్ళి ఖర్చుకే పోకుండా, తిరిగి వెళ్ళే రోజుకు కొంత మిగిలేలా పొదుపు నేర్పగలము.

ఈ గడ్డపై పుట్టిన మన పిల్లలకు ఇంకొక మాట. మీ తాతతండ్రులు ఏ ఊరినుండి, ఎవరి దగ్గర అప్పు చేసి, ఏ పనికి ఇక్కడకు వచ్చారో అడిగి రాసిపెట్టుకోండి. రంగం నుండి నడిచివచ్చినవారి కథలు చాలావరకు వారితోనే పోయాయి. వాటిని అడిగి రాసుకున్నవారు తక్కువ. బర్మావారి వలె భాషను, మలయావారి వలె కాగితాలను రెంటినీ పదిలంగా నిలుపుకున్ననాడు మన వలస ముందటి రెండింటి కంటె మేలైనదవుతుంది. ఆ బాధ్యత క్యాంపులో ఉన్న అన్నకంటె, మేడలో ఉన్న మనపైనే ఎక్కువగా ఉంది.