కన్నబంధం కోర్టుకెక్కిన దేశం

2008 సెప్టెంబరులో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో ఓ తండ్రి తన తొమ్మిది మంది పిల్లల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. అందరికంటే చిన్న బిడ్డకు ఏడాది, పెద్ద బిడ్డకు పదిహేడేళ్ళు. భార్య అంతకుముందు ఏడాదే చనిపోయింది. ఇక నావల్ల కాదని చెప్పి, పిల్లల్ని అప్పగించి వెళ్ళిపోయాడు. అతని మీద కేసు పెట్టలేదు. పెట్టడానికి లేదు కూడా, అతను చేసింది అక్షరాలా చట్టం ఒప్పుకున్న పనే.

ఆ చట్టానికి ఓ చిన్న చరిత్ర ఉంది. పురిటి బిడ్డల్ని చెత్తకుండీల్లో పారేస్తున్నారన్న వార్తలు చూసి టెక్సాస్ 1999లో ఒక వెసులుబాటు తెచ్చింది. తల్లి తన పసికందును ఆసుపత్రిలోనో, ఫైర్ స్టేషన్‌లోనో వదిలి వెళితే నేరం కాదు. ఒక్కొక్కటిగా మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. అందరికంటే చివర వచ్చిన నెబ్రాస్కాలో, బిడ్డ వయసు ఎన్నాళ్ళ లోపు ఉండాలన్న దగ్గర శాసనసభ్యులకు ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి వయసు ఊసే లేకుండా చట్టం చేసేశారు. పసికందులు వస్తారని ఎదురుచూస్తే ఒక్కరూ రాలేదు. వచ్చింది పదేళ్ళవాళ్ళు, పన్నెండేళ్ళవాళ్ళు, మీసాలు మొలుస్తున్నవాళ్ళు. నాలుగు నెలల్లో ముప్పై మందికి పైగా. పక్క రాష్ట్రాల నుంచి కారు వేసుకుని వచ్చి వదిలిపోయినవాళ్ళూ ఉన్నారు. నవంబరులో శాసనసభను ప్రత్యేకంగా పిలిచి, ముప్పై రోజుల లోపు బిడ్డలకే వర్తిస్తుందని సవరించుకున్నారు.

ఈ కథ వింటే మన దగ్గర ఎవరైనా ముందు అనే మాట, అమెరికాలో కన్నప్రేమ ఇంతేనా అని. ఆ మాటలో న్యాయం లేదు. ఆ పిల్లల్లో చాలామందికి మానసిక సమస్యలున్నాయి. వైద్యం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇన్సూరెన్స్ కట్టనంటే చేతులెత్తేసినవాళ్ళే ఆ తల్లిదండ్రుల్లో ఎక్కువ. కన్నవాళ్ళు తమంతట తాము బిడ్డను వదులుకోవడానికి అమెరికా చట్టం ఎన్ని తలుపులైనా తీసింది. చిక్కంతా రెండో వైపు ఉంది. వదులుకోనంటున్న తల్లి నుంచి బిడ్డను సర్కారు ఎప్పుడు తీసుకోవచ్చు? ఏ రుజువు చూపించి తీసుకోవచ్చు? తొలి దత్తత చట్టం వచ్చాక నూటపాతికేళ్ళ దాకా ఈ దేశం ఆ ప్రశ్నను సరిగ్గా అడగనే లేదు.

దత్తత మనకు కొత్త కాదు. కొడుకు లేని రాజు, జమీందారు, కరణం, అందరూ చేసుకున్నదే. పిండం పెట్టేవాడు కావాలి, ఆస్తికి వారసుడు కావాలి. అందుకే 1956లో హిందూ దత్తత చట్టం వచ్చేదాకా ఆడపిల్లను దత్తు చేసుకోవడం శాస్త్రానికి మామూలుగా పట్టని సంగతి. ఇంగ్లీషువాళ్ళ సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. వాళ్ళ పాత న్యాయంలో దత్తత అనేదే లేదు. రక్తసంబంధం ఉంటేనే వారసుడు, లేకపోతే లేదు. ఇంగ్లండులో దత్తత చట్టం 1926లో గానీ రాలేదు. వాళ్ళ చట్టాన్నే మోసుకొచ్చుకున్న అమెరికా మాత్రం ఈ ఒక్క విషయంలో డెబ్బై అయిదేళ్ళు ముందు నడిచింది. 1851లో మసాచుసెట్స్ రాష్ట్రం చేసిన చట్టంలో మన శాస్త్రకారులకు తట్టని మాట ఒకటుంది. పెంచుకునేవాళ్ళు ఆ బిడ్డను సాకగల యోగ్యులేనని జడ్జికి నమ్మకం కుదరాలి. కన్నవాళ్ళు రాసి ఒప్పుకోవాలి. బిడ్డకు పద్నాలుగేళ్ళు నిండితే బిడ్డా ఒప్పుకోవాలి. దత్తత వంశం కోసం కాదు, బిడ్డ కోసం అన్న ఆలోచన మొదటిసారి చట్టంలోకెక్కింది అక్కడే.

కాగితం మీద బాగుంది. కాగితానికి బయట రైళ్ళు నడుస్తున్నాయి.

1853లో చార్లెస్ లోరింగ్ బ్రేస్ అనే పాస్టరు న్యూయార్క్‌లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ పెట్టాడు. వలస వచ్చినవాళ్ళ పిల్లలు వేల సంఖ్యలో వీధుల్లో పేపర్లు అమ్ముతూ, మెట్ల కింద పడుకుంటూ ఉన్న రోజులవి. వాళ్ళను రైలెక్కించి, పల్లెల్లో రైతు ఇళ్ళకు చేర్చాలన్నది ఆయన పథకం. 1854లో మిషిగన్‌లోని డవాజియాక్ అనే ఊరికి మొదటి జట్టు వెళ్ళింది. 1929 దాకా అలా రెండు లక్షల మందికి పైగా పిల్లలు వెళ్ళారు. ముందే ఊళ్ళో గోడలకు కాగితాలు అంటించేవారు, ఫలానా రోజు పిల్లలు వస్తున్నారని. ఆ రోజు పిల్లలకు స్నానాలు చేయించి, ఉతికిన బట్టలు తొడిగి, చర్చిలోనో నాటకశాలలోనో వేదిక మీద వరసగా నిలబెట్టేవారు. రైతులు వచ్చి చూసేవారు. కొందరు జబ్బలు నొక్కి చూసేవారు, నోరు తెరవమనేవారు. అన్నకు ఒక ఇల్లు, చెల్లికి ఇంకో ఊరు. ఎవరూ ఎన్నుకోని పిల్లలు మళ్ళీ రైలెక్కి పై ఊరికి. మంచి ఇళ్ళు దొరికినవాళ్ళూ ఉన్నారు, ఇద్దరు గవర్నర్లయ్యారు కూడా. కానీ చరిత్ర పుస్తకాలు అనాథల రైళ్ళని పిలిచే ఆ రైళ్ళలో వెళ్ళినవాళ్ళలో చాలామంది అనాథలు కారు. తల్లో తండ్రో బతికే ఉన్నారు, తిండి పెట్టలేక ఇచ్చారు. వాళ్ళ హక్కు తెంచుతున్నామని ఏ జడ్జి ముందూ ఎవరూ చెప్పలేదు.

1904లో అరిజోనాలో జరిగింది మరీ విడ్డూరం. న్యూయార్క్‌లోని ఒక కాథలిక్ ఆశ్రమం నలభై మంది ఐరిష్ పిల్లల్ని రాగి గనుల ఊళ్ళయిన క్లిఫ్టన్, మొరెన్సీలకు పంపింది. తీసుకోవడానికి ముందుకొచ్చినవి మెక్సికన్ కుటుంబాలు, వాళ్ళూ కాథలిక్కులే. తెల్లపిల్లలు మెక్సికన్ల ఇళ్ళలోనా అని ఊళ్ళోని తెల్లవాళ్ళు తుపాకులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని లాక్కున్నారు. ఆశ్రమం కోర్టుకెళ్ళింది. అరిజోనా కోర్టు లాక్కున్నవాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. 1906లో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. బిడ్డ క్షేమం అన్న మాటకు అర్థం జడ్జి రంగును బట్టి మారుతుందని ఈ దేశంలోని నల్లవాళ్ళకూ, ఆదివాసులకూ తర్వాత చాలాసార్లు తెలిసొచ్చింది.

చట్టాన్ని అడ్డం పెట్టుకుని పిల్లల వ్యాపారం చేసిన మనిషిగా జార్జియా టాన్ పేరు ఇప్పటికీ చెబుతారు. టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌లో 1924 నుంచి 1950 దాకా ఆవిడ నడిపిన శిశుగృహం పైకి ధర్మసత్రం. పురిటి మత్తులో ఉన్న పేద తల్లుల చేత సంతకాలు పెట్టించడం, బిడ్డ చచ్చిపుట్టిందని చెప్పడం, వీధిలో ఆడుకునే పిల్లల్ని కారెక్కించుకుపోవడం, ఇదీ లోపలి సంగతి. స్థానిక బాలల కోర్టు జడ్జి కెమీల్ కెల్లీ ఆవిడకు అండ. విధవరాలైన తల్లి, విడాకులైన తల్లి కోర్టుకొస్తే, పిల్లల్ని ఆ శిశుగృహానికి అప్పగించే ఆర్డర్లు ఇచ్చేది. టెనెసీలో నామమాత్రం రుసుముతో జరగాల్సిన దత్తత, న్యూయార్క్ నుంచో కాలిఫోర్నియా నుంచో వచ్చే డబ్బున్నవాళ్ళకు వందల డాలర్ల బేరమైంది. సినిమా తార జోన్ క్రాఫర్డ్ కవల కూతుళ్ళు అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. 1950 సెప్టెంబరులో గవర్నరు ఈ బాగోతం బయటపెట్టాడు. కొద్ది రోజులకే టాన్ క్యాన్సర్‌తో చనిపోయింది. జడ్జి రాజీనామా చేసింది. జైలుకు వెళ్ళినవాళ్ళు లేరు, పిల్లలు వెనక్కి వచ్చిందీ దాదాపు లేదు. అప్పటికే వాళ్ళ దత్తతలు చట్టబద్ధం.

ఆవిడకు కలిసొచ్చిన సంగతి ఇంకొకటుంది, గోప్యత. 1917లో మినసోటా, దత్తత ఇచ్చేముందు పెంచుకునేవాళ్ళ ఇల్లూ వాకిలీ విచారించాలని మంచి నియమం పెడుతూనే, ఆ రికార్డులు ఎవరికీ చూపకూడదనీ అంది. పెళ్ళికాని తల్లికి పుట్టాడన్న మచ్చ బిడ్డకు అంటకూడదని ఉద్దేశం. తర్వాత దాదాపు అన్ని రాష్ట్రాలూ అదే బాట. దత్తత పూర్తయ్యాక బర్త్ సర్టిఫికెట్ కొత్తగా రాస్తారు. అందులో పెంచిన తల్లే కన్న తల్లి, ఆవిడే ఆ బిడ్డను ఆ ఊళ్ళో ఆ రోజు కన్నట్టు. అసలు సర్టిఫికెట్‌కు సీలు వేసి పక్కన పెడతారు. సర్కారు ముద్ర వేసి మరీ ఇచ్చే అబద్ధం అది. అలాస్కా, కాన్సాస్ మాత్రం ఎప్పుడూ ఆ సీలు వేయలేదు. ఆరిగన్ ప్రజలు 1998లో ఓటు వేసి దాన్ని తెరిపించారు. న్యూయార్క్ 2020 జనవరిలో తెరిచింది. ఆ రోజు దరఖాస్తులు పెట్టినవాళ్ళలో మనవలున్న తాతలూ ఉన్నారు.

ఇక సుప్రీంకోర్టు. ఇలినాయ్ రాష్ట్రంలో పెళ్ళి చేసుకోకుండా పద్దెనిమిదేళ్ళు కలిసీ విడిపోయీ కాపురం చేసిన జంటలో తల్లి చనిపోయింది. పెళ్ళికాని తండ్రి తండ్రే కాదన్నట్టు, అతని యోగ్యత ఏమిటని కూడా అడక్కుండా రాష్ట్రం పిల్లల్ని తీసుకుపోయింది. కనీసం అతని మాట వినాలని 1972లో స్టాన్లీ కేసులో కోర్టు చెప్పింది. 1981లో లాసిటర్ కేసు వచ్చింది. నార్త్ కరోలినా జైలు నుంచి తీసుకొచ్చిన ఒక తల్లి, లాయరు లేకుండా, సోషల్ వర్కరుకు తానే అడ్డప్రశ్నలు వేయడానికి తంటాలు పడింది. బిడ్డ మీద హక్కు పోయింది. ఇలాంటి ప్రతి కేసులోనూ ప్రభుత్వం లాయరును పెట్టాల్సిన పని లేదని అయిదుగురు జడ్జీలు, ఉండాలని నలుగురు. చిల్లర దొంగతనానికి జైలుకు పంపాలన్నా లాయరునిచ్చే దేశం, తల్లిని తల్లి కాకుండా చేసేటప్పుడు ఇవ్వనక్కర్లేదంది. అదృష్టవశాత్తూ చాలా రాష్ట్రాలు తమ చట్టాల్లో ఆ లోటు పూడ్చుకున్నాయి.

మరుసటి ఏడాదే సాంటోస్కీ కేసు. న్యూయార్క్ రాష్ట్రం ఒక దంపతుల ముగ్గురు పిల్లల్ని తీసుకుంది, ఒక బిడ్డనైతే పుట్టిన మూడో రోజునే. బాకీ దావాలో సరిపోయే రుజువుతోనే, అంటే తక్కెడ ఒక పక్కకు కాస్త మొగ్గితే చాలన్న లెక్కతోనే, వాళ్ళ హక్కులు రద్దు చేసింది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలు మాత్రం అదే ఇంట్లో పెరుగుతున్నారు, వాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. ఈ పనికి ఆ పాటి రుజువు చాలదనీ, స్పష్టంగా, గట్టిగా నమ్మించగల సాక్ష్యం కావాలనీ 1982లో కోర్టు తేల్చింది. ఇప్పటికీ కేస్ వర్కర్లు ‘టీపీఆర్’ (టెర్మినేషన్ ఆఫ్ పేరెంటల్ రైట్స్) అని పొట్టిగా పిలిచే ఆ విచారణలకు అదే కొలబద్ద. 1996లో మిసిసిపి తల్లి కేసు మరొకటి. అప్పీలుకు రికార్డు రాయించడానికి 2,352 డాలర్లు కట్టలేకపోయిందని తలుపు మూసేశారు. బీదరికం కారణంగా తల్లికి అప్పీలు లేకుండా చేయడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

ఆదివాసుల విషయంలో కొలత ఇంకా గట్టిది, అనుమానానికి తావులేని రుజువు కావాలి. 1978 నాటి చట్టం అది. అప్పటికి ఆదివాసీ పిల్లల్లో నూటికి పాతిక నుంచి ముప్పై అయిదు మంది కన్నవాళ్ళకు దూరమయ్యారని సర్వేలు తేల్చాయి. నానమ్మ దగ్గర బిడ్డను వదిలి పనికి వెళ్ళడాన్ని కూడా అధికారులు నిర్లక్ష్యం కింద రాసుకున్నారు. ఆ లెక్కన మన పల్లెల్లో సగం మంది తల్లులు దోషులే. ఈ చట్టాన్ని కొట్టేయమంటూ వచ్చిన కేసును 2023లో సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరి తేడాతో తోసిపుచ్చింది.

1997లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టిన చట్టం గడియారం పెట్టింది. బిడ్డ ఇరవై రెండు నెలల్లో పదిహేను నెలలు ఫాస్టర్ కేర్‌లో, అంటే సర్కారు ఏర్పాటు చేసిన తాత్కాలిక పెంపకంలో, ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, రాష్ట్రం టీపీఆర్ దావా వేయాలి. దత్తతలు పెంచిన రాష్ట్రాలకు బహుమతి సొమ్ము. 1997లో సుమారు 31 వేలున్న ఫాస్టర్ కేర్ దత్తతలు 2000 నాటికి 50 వేలు దాటాయి. కానీ మత్తుమందు మానాలన్నా, జైలు నుంచి బయటపడాలన్నా పదిహేను నెలలు చాలని తల్లులెందరో. కన్నవాళ్ళ హక్కు తెగి, పెంచుకునేవాళ్ళు దొరక్క, ఎవరికీ కాకుండా పోయిన పిల్లలు మిగిలారు. వాళ్ళ కోసం కాలిఫోర్నియా 2005లో, తర్వాత మరో ఇరవైకి పైగా రాష్ట్రాలు, తెగిన హక్కును మళ్ళీ అతికించే వీలు తెచ్చాయి.

తెలుగువాళ్ళకు ఈ చరిత్రతో తగులుబాటు రెండు చోట్ల. తెలంగాణ తండాల్లో లంబాడీ ఆడశిశువుల్ని కొని, విదేశీ దత్తతలకు పంపుతున్న ముఠాల సంగతి 1999లో, మళ్ళీ 2001లో బయటపడింది. పేదరికం పేరుతో కన్నవాళ్ళ చేత బిడ్డల్ని రాయించుకునే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో ఆపేసింది. మెంఫిస్ కథ చదివినవారికి ఇందులో వింత అనిపించేది ఏమీ ఉండదు.

రెండోది ఇళ్ళలో జరిగేది. పిల్లలు లేని అన్నావదినలకు తమ్ముడు తన రెండో బిడ్డను ఇవ్వడం మనకు మామూలు. ఆ అన్నావదినలు అమెరికాలో ఉంటే, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత దస్తావేజు రాయించి, ఇక వీసాకు అప్లై చేయడమే అనుకుంటారు. అమెరికా వీసాకు అది చెల్లదు. విదేశీ దత్తతల మీద ఉన్న హేగ్ ఒప్పందం కిందికి భారత్ 2003లో, అమెరికా 2008లో వచ్చాయి. ఈ దారిలో అర్జీ పెట్టాలంటే పెంచుకునేవారు అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు చాలదు. ముందు అమెరికాలో అనుమతి, తర్వాత ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ అనుమతి, ఆ తర్వాతే దత్తత. మామూలుగా బిడ్డకు పదహారేళ్ళు నిండేలోపే కదలాలి. అన్నిటికంటే గట్టి మెలిక, కన్నవాళ్ళిద్దరూ బతికి ఉంటే, బిడ్డను సరిగ్గా సాకలేని స్థితిలో ఉన్నారని తేలాలి. విజయవాడలో డాబా, ఇద్దరికీ ఉద్యోగం ఉన్న తమ్ముడి బిడ్డకు ఆ మాట రుజువు చేయడం అయ్యే పని కాదు. ఒకవేళ అయినా, పెరిగి పౌరుడైన ఆ కుర్రవాడు కన్న అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు ఇప్పించలేడు. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో వాళ్ళు అతనికి ఇక ఏమీ కారు.