లాక్‌డౌన్ కాలంలో దృష్టిలోపం ఉన్నవారి జీవనం

కోవిడ్ కారణంగా 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ముందురోజు రాత్రి 8 గంటలకు ప్రకటన వెలువడింది. సిద్ధపడటానికి మిగిలిన వ్యవధి నాలుగు గంటలు. ఈ ఘట్టాన్ని మీరు వలస కార్మికుల వైపు నుంచి చదివి ఉంటారు. ఇప్పుడు దృష్టిలోపం ఉన్నవారి వైపు నుంచి పరిశీలిద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వీరి సంఖ్య 50 లక్షలకు పైనే.

స్పర్శపై ఆంక్ష

ఆరడుగుల దూరం పాటించాలి, దేన్నీ తాకకూడదు. ఈ నిబంధనలు అందరికీ సమానమైనవిగానే కనిపిస్తాయి. కాని ఆ దూరాన్ని కంటితోనే కొలవాలి. చూపు లేనివారు రోడ్డు దాటాలంటే ఇంకొకరి మోచేయి పట్టుకోవాలి. కూరగాయలు ఏరాలన్నా, బ్రెయిలీ చదవాలన్నా వేళ్లే ఆధారం. దుకాణం ముందు సుద్దతో గీసిన గుండ్రాలు వారికి తెలియవు. బజారు సందడి ఆగిపోవడంతో శబ్దాన్ని బట్టి దారి పోల్చుకునే వీలూ తగ్గింది.

మానసిక, సామాజిక ప్రభావాలు

కర్ర సాయంతో ఒంటరిగా తిరిగినవారు మళ్లీ ఇంట్లోవారిపై ఆధారపడవలసి వచ్చింది. అడిగినప్పుడు సాయం దొరుకుతుందో లేదోనన్న బెంగ, భారమయ్యామన్న బాధ, ఒంటరితనం దీని ఫలితాలు. రైళ్లలో పల్లీలు, పెన్నులు అమ్మేవారికీ, పాటలు పాడేవారికీ రైళ్లు ఆగిన రోజే రాబడి ఆగింది. కేంద్రం పేద పింఛనుదారులకు అదనంగా 1,000 రూపాయలు ఇచ్చింది. అయితే జాతీయ దివ్యాంగ పింఛనుకు 80 శాతం వైకల్యం ఉండాలి. అంతకు తక్కువ ఉన్నవారు ఆ పరిధిలోకి రాలేదు. ఆన్‌లైన్ తరగతుల్లో పాఠాన్ని ఫొటో తీసి పంపితే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది సాధారణంగా అందదు.

చట్టం, ఆచరణ

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 8వ సెక్షన్ విపత్తుల్లో వారికి సమాన రక్షణ ఉండాలని చెబుతోంది. లాక్‌డౌన్ మొదలైన తరవాత కేంద్ర దివ్యాంగుల విభాగం మార్గదర్శకాలు జారీ చేసింది. కోవిడ్ సమాచారం బ్రెయిలీలో, శబ్దరూపంలో ఇవ్వాలనీ, సహాయకుల రాకపోకలకు వీలు కల్పించాలనీ సూచించింది. అయినా ఏడాది గడిచాక, 2021 మే 31న సుప్రీంకోర్టు తన ఉత్తర్వులో టీకా నమోదుకు వాడిన కోవిన్ వెబ్‌సైటు దృష్టిలోపం ఉన్నవారికి అందుబాటులో లేదని ప్రస్తావించింది. క్యాప్చాకు శబ్దరూపం లేకపోవడం అందులో ఒక లోపం.

కాబట్టి వీరి కష్టానికి చూపు లేకపోవడం ఒక్కటే కారణమని చెప్పలేం. చూపున్నవారిని మాత్రమే తలచుకొని చేసిన ఏర్పాట్లూ అంతే కారణం. మొదటిదాన్ని వైద్యం అన్నివేళలా సరిచేయలేదు. రెండోదాన్ని పాలన తలచుకుంటే సరిచేయగలదు.

అభ్యాసం: మీ ప్రాంతంలో దృష్టిలోపం ఉన్న ఒకరిని వారి అనుమతితో కలవండి. 2020 వేసవిలో సరుకులు, మందులు ఎలా తెచ్చుకున్నారో, ఎవరితో మాట్లాడుతూ గడిపారో అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపించని చరిత్ర ఏమేరకు లభించిందో ఒక పుటలో వివరించండి.