బీగం ఒక్కటే చాలదు: కరణం కట్ట నుంచి కంప్యూటర్ దాకా



మన ధర్మపురి వైపు బీగం అన్నా, తాళం అన్నా, పూట్టు అన్నా అందరికీ అర్థమవుతుంది. మూడు భాషలు పక్కపక్కనే బతికిన నేల ఇది. ఇప్పుడు మనందరి ఇళ్ళల్లోకీ నాలుగో మాట ఒకటి వచ్చి కూర్చుంది: పాస్‌వర్డ్. బ్యాంకుకు ఒకటి, ఈమెయిలుకు ఒకటి, కరెంటు బిల్లుకు ఒకటి, పిల్లల కాలేజీ ఫీజుకు ఇంకొకటి. ఇవన్నీ ఎక్కడ రాసుకోవాలి, కంప్యూటర్లో ఎలా దాచుకోవాలి అని చాలామంది అడుగుతుంటారు. జవాబు చెప్పే ముందు కొంచెం చరిత్ర చూద్దాం. మాట కొత్తదే గానీ సమస్య పాతది. దాచినది పరాయివాడి చేతికి పోకూడదు, మనవాళ్ళకు అందకుండానూ పోకూడదు. మొదటి దాని గురించి అందరం ఆలోచిస్తాం. రెండోదాన్ని మరిచిపోతాం.

ముందు మన ఊరి నుంచే మొదలుపెడదాం. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాన్ బారామహల్‌ను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాలు అందులోవే. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన సహాయకుల్లో థామస్ మన్రో ఒకడు. తర్వాత రాయలసీమలో పేరు తెచ్చుకుని, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మన్రో ఇతనే. 1799 వరకు ఈ బారామహల్‌లో పనిచేశాడు, ధర్మపురిలో కాపురముండి తోట కూడా పెంచుకున్నాడు. రైతువారీ పద్ధతికి పునాదులు పడింది ఇక్కడే.

పొలం పొలం కొలిచి శిస్తు కట్టాలంటే ఏ చేను ఎవరిది, ఎంత పండుతుంది అన్నది తెలియాలి. అది తెలిసినవాడు కరణం. లెక్కలు తాటాకుల మీదో, కడితాల మీదో ఉండేవి. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి నల్లగా చేసి మడతలు పెట్టిన పుస్తకమే కడితం. దాని మీద బలపంతో రాసేవాళ్ళు. తెలుగు కరణాల రాత గొలుసుకట్టు రాత. అక్షరం అక్షరంతో కలిసిపోయి, అలవాటు లేనివాడికి అంతుపట్టదు. అసలు లెక్క ఒకటి, చూపించే లెక్క ఇంకొకటి ఉంటాయని కంపెనీ దొరలకు ఎప్పుడూ అనుమానమే. 1802లో కరణాల పని మీద మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక రెగ్యులేషనే తెచ్చింది.

కరణం పద్ధతిలో రక్షణ ఉంది, కాదనలేం. కానీ ఆ రక్షణంతా ఒక్క మనిషి చుట్టూ అల్లుకుని ఉంది. ఆ ఇల్లు కాలిపోయినా, ఆ మనిషి ఎవరికీ నేర్పకుండా పోయినా ఊరి లెక్కకు దిక్కు లేదు. వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యాయి. పదవి పోయింది గానీ ఆ అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. ఇంటి లెక్కలన్నీ ఒక్కరి బుర్రలో, ఒక్కరి ఫోనులో.

గొలుసుకట్టు రాతలో ఇంకో లోపం కూడా ఉంది. రాసే తీరు తెలిసినవాడు ఒక్కడు దొరికితే చాలు, గుట్టంతా బయటపడుతుంది. 1883లో అగస్ట్ కెర్కాఫ్స్ అనే పండితుడు సైన్యాల రహస్య లిపుల గురించి రాస్తూ ఒక సూత్రం చెప్పాడు. పద్ధతి మొత్తం శత్రువుకు తెలిసిపోయినా సరే, బీగంచెయ్యి ఒక్కటి మన దగ్గరుంటే రహస్యం నిలవాలి. అలా నిలిచేదే అసలైన పద్ధతి. ఈ సూత్రంతో మన అలవాట్లను చూడండి. పాస్‌వర్డ్‌ల ఫైలుకు “సరుకుల చీటీ” అని పేరు పెట్టడం, ఎక్సెల్‌లో ఆ వరసను కనబడకుండా మూసేయడం, అంకెలను వెనకనుంచి ముందుకు రాయడం, ఇవన్నీ గొలుసుకట్టు రాతలే. దాచినట్టు మనకు అనిపిస్తుంది, వెతికేవాడికి అడ్డు కాదు.

మరి పాతకాలంలో ఒక్కరి మీద ఆధారపడని పద్ధతి లేదా అంటే, ఉంది. సర్కారు ఖజానాల్లో జంట తాళాల పద్ధతి ఉండేది. రెండు బీగాలు, రెండు చేతులు, ఇద్దరు అధికారులు. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. మన బ్యాంకు లాకరులో ఇప్పటికీ అదే పద్ధతి: ఒక చెయ్యి బ్యాంకుది, ఒకటి మనది. దొంగతనం కష్టమవుతుంది. కానీ ఇద్దరిలో ఒకరు లేకపోతే పని ఆగిపోతుంది. ఈ చిక్కును కంప్యూటర్ కాలంలో ఒక లెక్కల మేధావి విప్పాడు. దానికి కాసేపట్లో వద్దాం.

కంప్యూటర్లలోకి పాస్‌వర్డ్‌ను తెచ్చింది అమెరికాలోని ఎంఐటీ. ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునే సీటీఎస్ఎస్ అనే ఏర్పాటును ఫెర్నాండో కార్బటో బృందం 1961లో నడిపి చూపించింది. ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చూడకుండా తలా ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. ఆ పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఫైల్లో, ఎవరైనా చదవగలిగే అక్షరాల్లోనే పెట్టారు. 1962లో అల్లన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి ఇచ్చిన నాలుగు గంటలు చాలలేదు. ఆ ఫైలును అచ్చు వేయమని పంచ్ కార్డుతో యంత్రాన్ని అడిగాడు. అందరి పాస్‌వర్డ్‌లూ కాగితం మీద చేతికొచ్చాయి. 1966లో అయితే దొంగ అవసరం కూడా లేకపోయింది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో రెండు ఫైళ్ళు దిద్దుతుంటే అవి తారుమారయ్యాయి. రోజూ కనబడే ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌లూ లాగిన్ అయిన ప్రతి ఒక్కరి ముందూ ప్రత్యక్షమయ్యాయి. అరవై ఏళ్ళ తర్వాత డెస్క్‌టాప్ మీద “పాస్‌వర్డ్స్” అని పేరు పెట్టి ఫైలు ఉంచుకునే మనం ఇంకా ఆ 1962 పద్ధతిలోనే ఉన్నాం.

దీనికి విరుగుడును యూనిక్స్ అనే వ్యవస్థను తయారుచేసినవాళ్ళు బాగు చేస్తూ వచ్చారు. మన జిల్లావాళ్ళకు రాగుల పోలికతో చెబితే తేలిక. రాగులు విసిరితే పిండి వస్తుంది. ఆ పిండి నుంచి మళ్ళీ రాగులు రావు. అలాగే పాస్‌వర్డ్‌ను లెక్కల తిరగలిలో వేసి, వచ్చిన పిండినే యంత్రంలో దాచిపెడతారు. దీనికే హ్యాష్ అని పేరు. మనం మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్నీ విసిరి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తుంది యంత్రం. ఫైలు దొంగ చేతికి పోయినా పిండే పోతుంది. ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా పిండి వేరేగా రావడానికి ఒక్కొక్కరి దాంట్లో వేరే వేరే చిటికెడు కలుపుతారు. వాళ్ళు దానికి పెట్టిన పేరు కూడా ఉప్పే.

రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఈ సంగతులన్నీ 1979 నవంబరులో అమెరికా కంప్యూటర్ సంఘం ఏసీఎం వారి పత్రికలో రాశారు. 3,289 పాస్‌వర్డ్‌లు సేకరించి చూస్తే 2,831, అంటే 86 శాతం, ఊహించి పట్టుకోగలిగేవే. కొన్ని మరీ పొట్టివి, కొన్ని నిఘంటువులో దొరికే మాటలు. తిరగలి ఎంత గట్టిదైనా, అందులో వేసే గింజ బలహీనమైతే లాభం లేదని తేలింది.

విశేషమేమిటంటే, అదే పత్రిక అదే సంచికలో అది షమీర్ అనే గణిత శాస్త్రజ్ఞుడి రెండు పేజీల వ్యాసం కూడా వచ్చింది. మన జంట తాళాల చిక్కును విప్పింది అదే. పదకొండుమంది ఒక పెట్టెను కాపలా కాస్తున్నారనుకోండి. వాళ్ళలో ఏ ఆరుగురు కలిసినా పెట్టె తెరుచుకోవాలి, అయిదుగురికి తెరుచుకోకూడదు. మామూలు తాళాలతో చేయాలంటే 462 తాళాలు, ఒక్కొక్కరికి 252 తాళంచెవులు కావాలి. పదకొండుమంది కార్యవర్గ సభ్యులు ఒక్కొక్కరు 252 తాళంచెవుల గుత్తి మోసుకు తిరగడం ఊహించుకోండి! షమీర్ లెక్కలో ఒక్కొక్కరి దగ్గర ఒక్క ముక్క ఉంటే చాలు. ఏ ఆరు ముక్కలు కలిసినా రహస్యం బయటికి వస్తుంది. అయిదు కలిసినా ఏమీ తెలియదు. ఒకరు ఊరెళ్ళినా, ఒకరు కాలం చేసినా పని ఆగదు. పరాయివాడికి దొరకకుండా ఎలా దాచాలో, మనవాళ్ళకు అందేలా ఎలా దాచాలో రెండూ ఒకే సంచికలో వచ్చాయి. లోకం మాత్రం మొదటిదాన్నే ఎక్కువగా పట్టించుకుంది.

ఆ మొదటిదాన్నయినా అందరూ పాటించారా అంటే అదీ లేదు. 2009 డిసెంబరులో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. హ్యాష్ లేదు, ఉప్పు లేదు, ఉన్నవి ఉన్నట్టుగానే ఉన్నాయి. వాటిలో సుమారు 2 లక్షల 90 వేలమంది పాస్‌వర్డ్ 123456. అప్పటి నుంచి ఇలా బయటపడిన జాబితాలే దొంగల పెట్టుబడి. ఒకచోట పోయిన పాస్‌వర్డ్‌ను పదిచోట్ల వేసి చూస్తారు. అందుకే అన్నిటికీ ఒకటే పెట్టుకోవద్దని చెప్పేది. మరి యాభై పాస్‌వర్డ్‌లు గుర్తుండవు. ఎక్కడో ఒకచోట రాసుకోక తప్పదు.

ఆ రాసుకునే పెట్టెను 1997లో బ్రూస్ ష్నయర్ పాస్‌వర్డ్ సేఫ్ అన్న పేరుతో ఇచ్చాడు. 2003లో డొమినిక్ రైఖల్ కీపాస్ తెచ్చాడు. రెండూ ఉచితం. ఇది తిరగలి కాదు, బీగం. చెయ్యి ఉంటే మళ్ళీ తెరవచ్చు. వివరాలన్నీ ఒక్క ఫైల్లో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. దాన్ని తెరిచేది మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. ఇది కెర్కాఫ్స్ సూత్రానికి నిలిచే పద్ధతి. కీపాస్ ఎలా పనిచేస్తుందో లోకమంతటికీ తెలుసు, ఎవరైనా దాని ప్రోగ్రామును తెరిచి చదువుకోవచ్చు. అయినా చెయ్యి లేకుండా పెట్టె తెరుచుకోదు.

అయితే ఆ చెయ్యి గట్టిదై ఉండాలి. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ భద్రపరిచే కంపెనీ నుంచి దొంగలు ఖాతాదారుల పెట్టెల నకళ్ళనే ఎత్తుకుపోయారు. లోపలి పాస్‌వర్డ్‌లకు బీగం ఉంది. మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవాళ్ళ పెట్టెలను మాత్రం దొంగలు తీరిగ్గా కూర్చుని ప్రయత్నించుకోవచ్చు. కాబట్టి మాస్టర్ పాస్‌వర్డ్ పేరో, పుట్టినరోజో కాకూడదు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకుంటే గుర్తుంటుంది, ఊహకు అందదు.

ఇక రెండో సంగతి, మనం మరిచిపోయేది. పిల్లలు బెంగళూరులో, అమెరికాలో, పెద్దవాళ్ళు ఇక్కడ ఉన్న ఇళ్ళు మనలో ఎన్నో. ఇంటి పెద్ద హఠాత్తుగా పోతే ఏ బ్యాంకులో ఏముందో ఇంట్లోవాళ్ళకు తెలియదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి ఎవరూ అడగని డిపాజిట్లుగా 2023 ఫిబ్రవరి నాటికి రిజర్వు బ్యాంకుకు చేరిన సొమ్ము 35,012 కోట్లు. అదే ఏడాది ఆగస్టులో అలాంటివి వెతుక్కోవడానికి ఉద్గమ్ అనే పోర్టల్ కూడా తెరిచారు. ఆ డబ్బును ఏ దొంగా ఎత్తుకుపోలేదు. దాచినవాళ్ళు చెప్పలేదు, ఉన్నవాళ్ళకు తెలియలేదు.

అందుకని రెండు కాగితాలు వేరు చేసుకుందాం. మొదటిది ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక: ఏ బ్యాంకు, ఏ శాఖ, ఏ ఇన్సూరెన్సు, ఏ చిట్టీ, నామినీ ఎవరు. ఇందులో పాస్‌వర్డ్‌లు ఉండవు. ఇంట్లో నమ్మకమైనవాళ్ళు ఇద్దరికి ఇది తెలియాలి. రెండోది బీగంచెయ్యి. కీపాస్ లాంటి ఫైలు కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో నకలు ఒకటి. మాస్టర్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరు అంటించి, లాకరులోనో బీరువాలోనో పెట్టండి. కవరు, పెన్‌డ్రైవ్ ఒకేచోట ఉండకూడదు. ఏటీఎం పిన్, ఓటీపీ మాత్రం ఏ పట్టికలోనూ వద్దు, ఎవరికీ చెప్పవద్దు. పోయినవాళ్ళ పాస్‌వర్డ్‌తో డబ్బు తీయడం కూడా సరైన దారి కాదు. బ్యాంకుకు తెలియజేసి నామినీగా తీసుకోవాలి. గూగుల్ ఖాతాకైతే, మనం చాలాకాలం వాడకపోతే ఎవరికి అందాలో ముందే చెప్పిపెట్టే వీలు 2013 నుంచే ఉంది. ఎప్పుడైనా మోసం జరిగిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది.

ఇదే మాట మన సంఘానికీ వర్తిస్తుంది. సంఘం ఈమెయిలు, పేజీ, సభ్యుల పట్టిక ఒక్కరి ఫోనులోనే ఉంటే కార్యవర్గం మారినప్పుడు మనం మళ్ళీ కరణం కట్ట కాలానికి పోయినట్టే. కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశంలో లెక్కలు అప్పగించేటప్పుడు రసీదు పుస్తకాలతోపాటు ఈ బీగాలచేతులు కూడా ఇద్దరి సమక్షంలో అప్పగించాలని, అప్పగించిన రోజే పాస్‌వర్డ్‌లు మార్చాలని ప్రతిపాదిస్తున్నాం. మీ మాట కింద రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు ఈ ఆదివారం ఒక గంట వాళ్ళ పక్కన కూర్చుని ఆ మొదటి పట్టిక రాసిపెట్టండి.