ఆకుల చాటు తుపాకి

వేటతుపాకికి భుజాన ఆనించుకునే కొయ్యభాగం ఉంటుంది చూడండి, దాన్ని అడవిలో కలిసిపోయేట్టు రంగులతో చిత్రించుకోవడం అమెరికా వేటగాళ్ళలో చాలామందికి సరదా. గరుకు కాగితంతో రుద్ది, ఎండుగడ్డి రంగు పూస్తారు. ఆరాక నిజమైన ఆకునో రెమ్మనో దానిమీద పెట్టి ముదురు రంగు చిమ్ముతారు. ఆకు తీస్తే ఆకు ఆకారం మిగులుతుంది. చిల్లుల రేకుతో ముగ్గు దించే మనకి ఇదేం బ్రహ్మవిద్య కాదు! పైపూతకి మాత్రం మెరుపుండకూడదు. అడవిలో తిన్నని గీతలు అరుదు కదా, తుపాకి తాలూకు ఆ తిన్నదనాన్ని ముక్కలు చెయ్యడమే కిటుకు.

ఈ విద్యని పుస్తకాలకెక్కించిన వాళ్ళలో ముఖ్యుడు సిపాయి కాదు, చిత్రకారుడు. ఆబట్ థేయర్ అని, రెక్కల దేవతల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న అమెరికన్. 1896లో ఆయన చెప్పిన సంగతి ఇది. బొమ్మ వేసేవాడు చదునైన గుడ్డ మీద ఓ పక్క నీడ దిద్ది గుండ్రదనం తెప్పిస్తాడు. ప్రకృతిది ఎదురు పని. వెలుతురు పడే వీపుకి ముదురు రంగు, నీడలో ఉండే పొట్టకి తెలుపు వేసి, గుండ్రటి జింకని చదును చేసేస్తుంది. ఇక చూసేవాడికి జింక అక్కడ లేనట్టే. ఎంత చక్కటి చూపు!

1909లో ఆయన కొడుకు పేరున వచ్చిన పుస్తకంలో, మచ్చలూ చారలూ ఒంటి అంచుని ఎలా విరగ్గొడతాయో కూడా చూపించారు. అక్కడితో ఊరుకున్నారా? ఫ్లెమింగోల గులాబిరంగు సంధ్యాకాశంలో కలిసిపోవడానికేనన్నారు. అసలే వేటగాడు, మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు 1911లో పేజీలకి పేజీలు ఖండించాడు. నేను చిత్రకారుల పక్షమే గానీ, పులికాట్‌లో ఆ పక్షుల్ని మిట్టమధ్యాహ్నం చూసినవాళ్ళెవరైనా ఈ ఒక్కదానికీ రూజ్‌వెల్టుకే ఓటేస్తారు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం. ఫిరంగుల్ని విమానాల కంటపడకుండా దాచడానికి ఫ్రెంచి సైన్యం 1915లో చిత్రకారులతో ఒక దళమే పెట్టింది. దాని చిహ్నం ఊసరవెల్లి! జర్మనీ వైపు ఫ్రాంజ్ మార్క్ ఉన్నాడు. నీలిగుర్రాలూ, అడవిలో ముడుచుకు పడుకున్న జింకలూ ఆయన బొమ్మలు. అలాంటి మనిషి 1916 ఫిబ్రవరిలో ఫిరంగుల మీద కప్పే టార్పాలిన్లకి చుక్కలు చుక్కలుగా రంగులద్దుతూ, ఆ ముచ్చట భార్యకి ఉత్తరం రాశాడు. మార్చి 4న వెర్దూన్ దగ్గర గుండు ముక్క తగిలి పోయాడు. ముప్ఫయ్యారేళ్ళు.

జింక ఒంటిమీద చదువుకున్న పాఠం యుద్ధాలన్నీ తిరిగి, చివరికి జింక మీదికే వచ్చింది. 1986లో మోసీ ఓక్, రియల్‌ట్రీ అనే రెండు అమెరికన్ కంపెనీలు నిజం ఆకుల్లా, బెరడులా అచ్చువేసిన వేటబట్టలు అమ్మడం మొదలెట్టాయి. బట్టల తర్వాత తుపాకులకీ ఆ అచ్చులే.

ఇంతా చేసి, జింక కంటికి నారింజకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియదు. దానికి అనుమానం వచ్చేది మెరుపుతో, కదలికతో, మనిషి వాసనతో. అందుకని తుపాకికి ఆకులు చిత్రించుకున్న వేటగాడే, ఒంటిమీద మాత్రం కళ్ళు జిగేల్‌మనే నారింజరంగు చొక్కా తొడుక్కుంటాడు. చాలా రాష్ట్రాల్లో అది చట్టం. పొదల వెనక ఉన్న ఇంకో వేటగాడు తనని జింక అనుకుని కాల్చకుండా!