రామప్ప గుడిలో పేరిణి

1985, మహాశివరాత్రి. పాలంపేట పొలాల మీదుగా జనం రామప్ప గుడివైపు సాగుతున్నారు. ఉపవాసమున్న ముసలమ్మలు, తండ్రుల భుజాలమీద పిల్లలు. మీరూ ఆ గుంపులో కలవండి. నందిని దాటి మెట్లెక్కి రంగమండపంలోకి రండి. నల్లరాతి స్తంభానికి అరచెయ్యి ఆనించండి. నున్నగా, చల్లగా ఉంటుంది. వేళ్ల కింద ఒకడు మద్దెల వాయిస్తున్నాడు, పక్కనే ఇంకొకరు కాలెత్తి ఆడుతున్నారు. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించిన నాటినుంచీ ఆ కాలు కింద పడలేదు.

బయట మద్దెల మొదలైంది, రండి. అంతా మగవాళ్లే. వీరుల్లా భుజాలు నిక్కించి నిలబడ్డారు. గజ్జెలన్నీ ఒక్కసారి ఘల్లుమని ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యాయి, ఈసారి సన్నగా. గజ్జెల మోతను ఇలా అదుపులో పెట్టడాన్నే ఘర్ఘరం అంటారు. పేరిణి అనే ఈ వీరనాట్యానికున్న ఐదు అంగాల్లో అదొకటి.

కనుమరుగైన ఈ ఆటకు మళ్లీ ప్రాణం పోసినవారు నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ. కాకతీయ గణపతిదేవుడి గజసేనాపతి జాయప సంస్కృతంలో రాసిన ‘నృత్త రత్నావళి’ ఆయనకు ఒక ఆధారం, ఇందాక మీరు తాకిన స్తంభాలు మరొకటి. పుస్తకం లక్షణం చెబుతుంది. రాయి ఒక్క క్షణాన్ని చూపిస్తుంది. ఒక భంగిమలోంచి ఇంకో భంగిమలోకి ఒళ్లు ఎలా మళ్లాలో రెండూ చెప్పవు. అక్కడ ఆయన తన సాధనను, ఊహను నమ్ముకున్నారు. అందువల్ల మన కళ్లముందున్నది అచ్చంగా కాకతీయుల నాటి పేరిణే అనలేం. కానీ ఆయన పూనుకోకపోతే ఈ వాకిట్లో ఇవాళ ఒక్క గజ్జె కూడా మోగేది కాదు.

ఒకప్పుడు గుళ్లలో స్త్రీలు ఆడిన ఆంధ్రనాట్యాన్నీ ఆయనే నిలబెట్టారు. దానికోసం రాళ్లను వదిలి మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లారు. 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చాక గుళ్లలో ఆట ఆగింది. విద్య మాత్రం అక్కడ ఆడిన, ఇప్పుడు వృద్ధులైన కళావంతుల ఒంట్లోనే ఉండిపోయింది. నాయుడుపేట రాజమ్మ వంటివారిని గురువులుగా ఎంచి, వాళ్ల అభినయాన్ని నేర్చుకున్నారు. దాన్ని హైదరాబాద్‌లోని తన నృత్య నికేతన్ ద్వారా కొత్త తరానికి అందించారు. లోకం చిన్నచూపు చూసిన స్త్రీలను విద్వాంసులుగా నిలబెట్టడం, నా దృష్టిలో, పేరిణిని మించిన పని.

2011లో ఆయన కన్నుమూశారు. రామప్పకు వెళ్లినప్పుడు గుడి చూరు కింద నిలిచిన మదనికల శిల్పాల ఫొటోలతో సరిపెట్టుకోకండి, మండపంలోని ఆటగాళ్లనూ తీరిగ్గా చూడండి. మీ ఊళ్లో పేరిణి ప్రదర్శన ఉందని తెలిస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి.