రేడియో అంగడి – మరమ్మతు బల్ల

హైదరాబాదు కోఠీ ప్రాంతమున గుజరాతీ గల్లీ అను వీధి యొకటి కలదు. గోరంత నిరోధకము మొదలుకొని టెలివిజను బోర్డు వరకు ఎలక్ట్రానిక్ సామగ్రి అంతయు అచ్చటి అంగళ్ళలో లభించును. అటువంటి అంగడిలో ముందు భాగమున వస్తువులు అమ్ముచుందురు. వెనుక, దీపము క్రింద, ఒకడు బల్లపై తల వంచుకొని టంకము వేయుచుండును. ముందు అమ్మకము, వెనుక మరమ్మతు. ఈ ఏర్పాటు నేటిది కాదు. 'ఎలక్ట్రానిక్సు' అను మాట మన జనుల నోట పడుటకు ఎంతో ముందు, రేడియో వచ్చిన నాడే పుట్టినది.

ఆ వెనుక బల్ల చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. మరమ్మతు అనగా చేతి నేర్పు మాత్రమే అని మనము తలంతుము. చేతి నేర్పు వలసినదే. అయినను మెకానిక్కు దేనిని బాగు చేయగలడు, దేనిని చేయలేడు అనునది ఆ వస్తువును కట్టిన తీరునుబట్టియు, దాని లోపలి పటము అతని కంట పడుటనుబట్టియు నిర్ణయమగుచు వచ్చినది.

మన దేశమున 1923లో బొంబాయి, కలకత్తా నగరములందు రేడియో క్లబ్బులు ప్రసారములు మొదలిడెను. మద్రాసు క్లబ్బు 1924లో ప్రారంభమయ్యెను. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగు కంపెనీ బొంబాయి, కలకత్తా కేంద్రములను తెరచి, మూడేండ్లు తిరుగకముందే దివాలా తీసెను. ప్రభుత్వము చేపట్టిన ఆ సంస్థకే 1936లో ఆలిండియా రేడియో అను పేరు వచ్చినది. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమయినవి. నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో 1950లో ఆలిండియా రేడియోలో చేరినది. ఆ దినములలో రేడియో పెట్టె కొన్నవాడు తపాలా కార్యాలయమునకు పోయి ఏటేటా లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండెను. ఈ లైసెన్సు 1980లలో గాని తొలగిపోలేదు. పెట్టె అమ్మిన అంగడివాడే ఇంటికి వచ్చి, రెండు వెదురు గడల నడుమ రాగి తీగ కట్టి, భూమిలో గుంట త్రవ్వి ఎర్తు వేసి, స్టేషను పట్టి చూపి వెళ్ళుచుండెను. కొలది నెలలకో, ఏడాదికో ఆ పెట్టె తిరిగి అతని బల్లపైకి వచ్చుచుండెను.

అట్లు తిరిగి వచ్చుటకు కారణమేమి? పెట్టె లోపలి వాల్వులే. 1904లో ఇంగ్లండున జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు రెండు ఎలక్ట్రోడుల వాల్వును, 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు మూడవ ఎలక్ట్రోడు గల వాల్వును నిర్మించిరి. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో తీగ కాగి ఎర్రబారును. ఆ వేడికి ఎలక్ట్రాన్లు వెలువడును. ప్లేటు వాటిని ఆకర్షించును. నడుమ నున్న గ్రిడ్డు ఆ ప్రవాహమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. వేడితో పని చేయునది గనుక విద్యుద్దీపము వలెనే వాల్వు కొన్ని వేల గంటలకు అలసిపోవును. ఈ సంగతి నిర్మించినవారికి తెలియును. అందుచే వారు వాల్వును తీగలతో కలిపి అతుకక, సాకెట్టులో గ్రుచ్చి లాగుటకు వీలుగా అమర్చిరి. పాడగునది ఏదో ఎరిగి, దానిని ఊడదీయుటకు వీలుగా కట్టుట యన్నమాట. రేడియో అంగడి వ్యాపారమంతయు ఈ ఒక్క సాకెట్టు మీద నిలిచినదనుట అతిశయోక్తి కాదు.

వాల్వు మీది పేరును చదువుట మెకానిక్కు నేర్చు మొదటి విద్య. ఐరోపా వాల్వులపై ఇ.ఎల్. 84, యు.ఎల్. 84, డి.ఎల్. 96 అని వ్రాసి యుండును. మొదటి అక్షరము తీగను కాచు పద్ధతిని తెలుపును. 'ఇ' అనిన 6.3 వోల్టులు. 'డి' అనిన బ్యాటరీతో నడచు 1.4 వోల్టులది. 'యు' అనిన 100 మిల్లీ ఆంపియర్ల ప్రవాహముతో శ్రేణిలో కలుపదగినది. రెండవది వాల్వు జాతిని చెప్పును. 'ఎల్' అనిన స్పీకరును నడపు శక్తి గల పెంటోడు. కంపెనీ ఏదయినను పేరు ఒకటే. ఒక కంపెనీ వాల్వు పోయిన చోట వేరొక కంపెనీ వాల్వును గ్రుచ్చవచ్చును. అంగడి బీరువాలో పది, పదునైదు రకములుంచుకొన్నవాడు ఊరిలోని రేడియోలను పెక్కింటిని బ్రతికింపగలిగెను.

ఇచ్చట విద్యార్థులు సులభముగ చేయదగిన లెక్క యొకటి కలదు. ట్రాన్స్‌ఫార్మరు లేని ఒక రకపు రేడియోలో యు.సి.హెచ్. 81, యు.ఎఫ్. 89, యు.బి.సి. 81, యు.ఎల్. 84, యు.వై. 85 అను అయిదు వాల్వులుండెననుకొందము. వాటి తీగలకు వరుసగా 19, 12.6, 14, 45, 38 వోల్టులు వలయును. శ్రేణిలో కలిపిన మొత్తము 128.6 వోల్టులు. ఇంటి కరెంటు 230 వోల్టులయిన, మిగిలిన 101.4 వోల్టులను ఒక నిరోధకము భరింపవలెను. ప్రవాహము 0.1 ఆంపియరు గనుక, ఓము నియమము చొప్పున ఆ నిరోధకము సుమారు 1000 ఓములుండవలెను. అది సుమారు 10 వాట్ల వేడిని పుట్టించును. ఇట్టి పెట్టె ఏకాంతర విద్యుత్తుతోను, ఏకముఖ విద్యుత్తుతోను కూడ నడచును. కాని అయిదింటిలో ఏ ఒక్కదాని తీగ తెగినను అయిదును ఆరిపోవును. పెండ్లి పందిరిలో శ్రేణిగా కట్టిన దీపాల తోరణమునకు వచ్చు చిక్కే ఇది. ఏది తెగినదో కంటికి తెలియదు. ఒక్కొక్క వాల్వు పిన్నులకు మీటరు తగిలించి చూడవలసినదే. పైగా ట్రాన్స్‌ఫార్మరు లేనందున కరెంటు తీగలలో ఒకటి పెట్టె ఇనుప చట్రమునకే కలిసి యుండును. అది ఏ తీగయో ప్లగ్గును గ్రుచ్చిన తీరును బట్టి మారును. ఒక చేయి జేబులో నుంచుకొని పని చేయుమని పాత మెకానిక్కులు శిష్యులకు చెప్పుట వేడుకకు కాదు. రెండు చేతులును తగిలిన ప్రవాహము గుండె మీదుగా పోవును.

ఆ మీటరునకు కూడ ఒక కథ కలదు. బ్రిటిషు తపాలా శాఖలో ఇంజనీరుగా నుండిన డొనాల్డు మెకాడీ అను నతడు వోల్టులకు ఒకటి, ఆంపియర్లకు ఒకటి, ఓములకు ఒకటి చొప్పున పరికరములు మోయలేక, మూడింటిని ఒకే పెట్టెలో చేర్చెను. అదియే 1923లో వెలువడిన ఏవో మీటరు. మూడు ప్రమాణముల ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరములే దాని పేరు. 2008 వరకు దాని తయారీ సాగెను. మోతబరువుతో విసిగిన ఒక ఉద్యోగి చేసిన ఉపకారమిది!

వాల్వు తరువాత మెకానిక్కునకు ఎక్కువ పని కల్పించినది కండెన్సరు. 50 ఆవృత్తుల ఏకాంతర విద్యుత్తును రెండు వైపులను సరిచేసినపుడు సెకనుకు 100 అలలు మిగులును. విద్యుద్విశ్లేష్య కండెన్సరు ఈ అలలను చదును చేయవలెను. వేడికి దాని లోపలి ద్రవము ఎండిపోయిన, పాట వెనుక గుయ్యిమను రొద వినవచ్చును. అనుభవజ్ఞుడు వాకిట పెట్టె పాడుచుండగనే ఈ రోగమును పోల్చుకొనును. పెట్టె బొత్తిగా మూగబోయిన అతడు దానిని రెండు సగములుగా భావించును. ఏరియలు నుండి ధ్వని మీట వరకు ఒక సగము, మీట నుండి స్పీకరు వరకు రెండవ సగము. మీట నడిమి కొనను స్క్రూడ్రైవరుతో తాకినపుడు స్పీకరు బుర్రుమనిన, రెండవ సగము బాగున్నట్లు. దోషము మొదటి దానిలో నున్నది. దానిని మరల రెండు చేయును. ఇట్లు నాలుగైదు పరీక్షలలో దోషము దొరకును. కళాశాల గడప త్రొక్కని వాడు చేసిన ఈ పని శుద్ధమైన శాస్త్రపద్ధతి అని నా అభిప్రాయము.

అయితే ఈ పద్ధతికి పటము వలయును. అమెరికాలో జాన్ రైడరు అను నతడు 1930ల మొదటి భాగము నుండి వివిధ కంపెనీల రేడియోల వలయ పటములను చేర్చి పెద్ద సంపుటములుగా ప్రచురించెను. 1946లో హోవర్డు శామ్సు కంపెనీ ఫోటోఫాక్టు అను పేర ఒక్కొక్క పెట్టెకు ఛాయాచిత్రములతో, పటముతో కరపత్రములు వెలువరింపసాగెను. కంపెనీలు తమ డీలర్లకు సర్వీసు పుస్తకములు పంపుచుండెను. అవి చేతులు మారి, మూలలు నలిగి, నూనె మరకలతో చిన్న అంగళ్ళకును చేరెను.

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీను, బ్రట్టెయిను ట్రాన్సిస్టరును కనుగొనిరి. షాక్లీతో కలిసి వారు 1956లో నోబెల్ బహుమానము పొందిరి. 1954లో అమెరికాలో రీజెన్సీ టి.ఆర్. 1 అను నాలుగు ట్రాన్సిస్టర్ల చేతి రేడియో 49.95 డాలర్లకు అమ్మకమునకు వచ్చెను. బ్యాటరీ వాల్వు రేడియోకు తీగ కాచుటకు ఒక బ్యాటరీ, ప్లేటునకు 90 వోల్టుల వేరొక బ్యాటరీ వలసి యుండెను. ట్రాన్సిస్టరు రేడియోకు నాలుగు టార్చి సెల్లులు చాలును. పొలము గట్టుకు రేడియో వెళ్ళుట ఇందువలన సాధ్యమయ్యెను. ఓ.సి. 71 అను ట్రాన్సిస్టరు పేరు పాత వాల్వు లెక్కలోనిదే. కాచవలసిన తీగ లేదు గనుక మొదట సున్న, మూడు కొనలు గలది గనుక ట్రయోడు గుర్తగు 'సి'. పేరు పాతదే గాని, సాకెట్టు మాత్రము పోయెను. ట్రాన్సిస్టరును బోర్డునకు టంకముతో అతికిరి. జెర్మేనియము వేడికి ఓర్వదు. కావున దాని కాలును పట్టకారుతో పట్టుకొని, వేడిని పట్టకారు గ్రహించునట్లు చేసి అతుకవలసి వచ్చెను. మెకానిక్కులు ఈ క్రొత్త విద్యను త్వరలోనే నేర్చిరి. బెంగుళూరులో 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్సు 1960ల ఆరంభమున వాల్వులను, జెర్మేనియము ట్రాన్సిస్టర్లను దేశమందే తయారుచేయ మొదలిడెను. హైదరాబాదున 1967లో ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమయ్యెను. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వచ్చినపుడు రేడియో మెకానిక్కులే టెలివిజను మెకానిక్కులయిరి.

ఇచ్చట న్యాయముగ ఒక మాట చెప్పవలెను. అంగడికి పని తగ్గుట యంతయు కుట్ర కాదు. వాల్వు అలసినట్లు ట్రాన్సిస్టరు అలసిపోదు. 1958లో జాక్ కిల్బీ, 1959లో రాబర్టు నోయిసు ఒకే తునకపై వలయమంతయు నిర్మించు మార్గము చూపిన తరువాత అతుకులే తగ్గెను. అతుకులు తగ్గిన చెడుపులును తగ్గును. వస్తువు చెడకుండుట అంగడివానికి నష్టమయినను కొన్నవానికి లాభమే గదా!

పటము దాచుట మాత్రము వేరు సంగతి. అది పదార్థ ధర్మము వలన వచ్చినది కాదు. 1977లో వెలువడిన ఆపిల్ 2 కంప్యూటరునకు ప్రచురించిన తొలి మాన్యువలునందు వలయ పటముండెను. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునకు అమ్మిన సాంకేతిక గ్రంథమున పటములతో పాటు, యంత్రమును మేల్కొలుపు ప్రోగ్రామును సయితము అక్షరాల అచ్చువేసిరి. నేటి సెల్‌ఫోనుతో వచ్చు కాగితములో అట్టిది కనబడదు. తునకల కాళ్ళు అంచులలో గాక, అడుగున చిన్న టంకపు గుండ్లుగా నున్నవి. వేడిగాలి పరికరము లేనిదే అవి ఊడవు. తగరము 63, సీసము 37 పాళ్ళ పాత టంకము 183 డిగ్రీల సెంటీగ్రేడునకే కరగును. ఐరోపాలో 2006 జూలై నుండి సీసమును నిషేధించిన తరువాత వ్యాప్తిలోనికి వచ్చిన టంకము కరగుటకు సుమారు 217 డిగ్రీలు వలయును. నిషేధము మంచిదే, సీసము విషము. దానివలన పెరిగిన కష్టమును కూడ మెకానిక్కులు జయించిరి. అబిడ్సు జగదీశ్ మార్కెటులో సూక్ష్మదర్శిని క్రింద ఫోను బోర్డులను అతుకు యువకులు ఇందుకు సాక్ష్యము.

వారిని నిజముగ ఆపుచున్నది వేరొకటి. కొన్ని ఫోనులలో తెరకు, బ్యాటరీకి గుర్తు సంఖ్యలుండును. ప్రధాన తునక ఆ సంఖ్యను సరిచూచును. అదే రకపు మరియొక ఫోను నుండి తీసిన అసలైన భాగమును అమర్చినను, సంఖ్య కలియలేదని ఫోను హెచ్చరించును, లేదా కొన్ని పనులు మానును. ఇ.ఎల్. 84 ఏ కంపెనీదయినను సాకెట్టు స్వీకరించిన దినములతో దీనిని పోల్చి చూడుడు. ఈ జంట కట్టు పద్ధతిపై అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రము 2024లో శాసనము చేసినది. ఫ్రాన్సు 2021లో ఫోనులు మొదలగు కొన్ని వస్తువులపై, వాటిని బాగుచేయుట ఎంత సులభమో తెలుపు మార్కును పదికి ఇన్ని అని ముద్రింపవలెనని నిర్బంధించినది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై సంఘమును నియమించి, ఆ డిసెంబరులోనే ఒక వెబ్‌సైటును తెరచినది. కంపెనీలు తమ మాన్యువళ్ళను, విడిభాగముల వివరములను అందుంచవలెనని ఉద్దేశము. వలయ పటములు అంగడి బల్ల వరకు ఎంతమాత్రము చేరునో దానినిబట్టియే ఈ యత్నమును కొలువవలెను.

గుజరాతీ గల్లీకి పోవు విద్యార్థి మాత్రము నేటికిని గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలు గల నిరోధకము నడిగి తెచ్చుకొనవచ్చును. గోధుమ 1, నలుపు 0, ఎరుపు రెండు సున్నలు. వెరసి 1000 ఓములు. వాల్వు రేడియోలను బాగుచేసిన తాతగారు చదివిన రంగుల లెక్కయు ఇదే.